నాలుగో డ్రమ్ము

శ్రీకాకుళం,
ఆగస్టు 6.

సాలూరు లారీలన్నిటికీ పెద్ద వైద్యుడు బెన్హర్ బావకి, ఈ చిన్న నర్సమ్మ వందనాలు.

నిన్న ఫోనులో నేను "మోరిస్ బండి" అని మూడుసార్లు అరిస్తే, నువ్వు మూడుసార్లూ "మా రైసు బాగానే ఉంది" అన్నావు. నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులతో ఇక నేను ఫోను పెట్టుకోను. మధ్యలో అక్కని పెట్టుకుంటే ఇంకా కష్టం. నేను చెప్పేది ఒకటి, బేబీ అక్క నీ చెవిలో వేసేది మరొకటి. అందుకే ఉత్తరం.

సంగతి ఇది. మా వీధిలో పెద్ద కాలవ తవ్వుతారట. నాన్న కారు షెడ్డు సరిగ్గా దాని దారిలో ఉంది. నవంబరు ఆఖర్లోగా తీసెయ్యాలని గోడకి కాగితం అంటించారు. షెడ్డు పోతే పోనీ, లోపలున్న బండి మాటేమిటి? మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ డ్రైవరు థామస్‌కి, అంటే మా నాన్నకి, ఇచ్చిపోయిన మోరిస్ మైనర్ అది. అక్కా నేనూ దాని వెనక సీటులోనే పెరిగాం. నాన్న పోయి పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళూ అది ఉన్నచోటు నించి కదల్లేదు.

నిన్న ఆరుగురం కలిసి తోశాం. అంగుళం జరగలేదు. వీధి చివర ఆటోలు బాగుచేసే అప్పలసూరి కిందకి వంగి చూసి, నాలుగు చక్రాల లోపలా మూకుడుల్లా ఉండే బ్రేకు డ్రమ్ములు తుప్పుతో పట్టేశాయన్నాడు. "సమ్మెటతోటి నాలుగు ఏస్తే అదే ఊడొస్తాది అమ్మగోరూ" అని సమ్మెట తేవడానికి వెళ్ళాడు. అతను వచ్చేలోగా నేను షెడ్డుకి తాళం వేసేశాను. పాత ఇనుము కొనేవాడు కూడా ఒకడు వచ్చాడు. కదలకపోతే ఏమీ ఫరవాలేదట, అక్కడికక్కడే కోసి పట్టుకుపోతాడట.

కాబట్టి నువ్వు రావాలి. రొయ్యలు వండుతాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, "మీ అక్క రొయ్యల కన్నా నీవే బాగున్నాయి" అని నోరు జారావు. ఆ మాట అక్కకి ఇంతవరకూ చెప్పలేదు.

నీ మరదలు,
మెర్సీ


సాలూరు,
ఆగస్టు 14.

రొయ్యలతో బెదిరించే మరదలికి,

రాను. పెళ్ళయిన మూడో నెలలో మీ నాన్నగారి బండి బానెట్ ఎత్తి చూస్తుంటే, నిండు వాకిట్లో అందరి ముందూ ఆయన, "ఆ లారీ సేతులు నా బండి మీద ఎట్టకు" అన్నారు. దాన్ని జన్మలో ముట్టుకోనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అయితే దాని గురించి రాయనని ఒట్టు పెట్టుకోలేదు. జాగ్రత్తగా చదువుకో.

అప్పలసూరి సమ్మెటని ఆ షెడ్డు దరిదాపులకి రానివ్వకు. డ్రమ్ము పోత ఇనుము. ఒక్కచోట గట్టిగా కొట్టావంటే పెంకులా పగులుతుంది. పగిలితే అలాంటిది ఇక దొరకదు. ముందు హేండ్‌బ్రేకు దించు. మీ నాన్న దాన్ని రెండు చేతులతో లాగేవారు, తెల్లారేలోగా బండి ఎవరితోనో లేచిపోతుందన్నట్టు. తరవాత జాకీతో లేపి కింద దుంగలు పెట్టు. ఒక్క జాకీని నమ్ముకుని కిందకి దూరావంటే మీ అక్క నన్ను బతకనివ్వదు. చక్రం విప్పితే డ్రమ్ము మొహం మీద రెండు చిన్న స్క్రూలు కనిపిస్తాయి. అవి తుప్పు పట్టి ఉంటాయి, రావు. డీజిలు పోసి ఆగు. మూడు రోజులు ఆగు. సూది పొడిచేసి పక్క మంచానికి పోవడం లాంటి పని కాదు ఇది.

స్క్రూలు వచ్చాక డ్రమ్ముకున్న కన్నంలోకి టార్చి వెయ్యి. లోపల ఒక చిన్న మర ఉంటుంది. బ్రేకు షూలు లోపలి నించి డ్రమ్ముని ఒత్తిపట్టేది దాని వల్లనే. దాన్ని ఎడమవైపు తిప్పితే షూలు వెనక్కి తగ్గుతాయి. అప్పుడు కర్ర సుత్తి తీసుకుని డ్రమ్ము చుట్టూ తట్టు. కొట్టకు, తట్టు. కొట్టినచోటే మళ్ళీ కొట్టకు. నిద్రపోయేవాళ్ళ తలుపు తట్టినట్టుండాలి.

బెన్హర్


శ్రీకాకుళం,
సెప్టెంబరు 3.

పోయినవాళ్ళ మీద కూడా అలిగే బావకి,

ముందు చక్రాల డ్రమ్ములు రెండూ వచ్చేశాయి.

స్క్రూల మీద డీజిలు పోస్తే పోసినట్టే నేలకి కారిపోయింది. రెండు రోజులు అలా నేలకి తాగించాక, నేను ఎవరినో నాకు గుర్తొచ్చింది. పది మిల్లీల సిరంజి, సన్నసూది తెచ్చాను. స్క్రూ తల చుట్టూ, డ్రమ్ము అంచు సందులోకీ పొద్దునొకటి, సాయంత్రమొకటి ఇంజెక్షను. అప్పలసూరి గుమ్మంలో నిలబడి చూసి, "బండికి జొరమేటి అమ్మగోరూ" అన్నాడు. నాలుగో రోజున స్క్రూ తిరిగింది. అతను లోపలికొచ్చి టార్చి పట్టుకున్నాడు.

పీట మీద కూర్చుని తడుతూ ఉన్నాను. చాలాసేపు మట్టి కుండ మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు. ఉన్నట్టుండి గంట మోగినట్టు మోగింది. ఇంకో రెండు దెబ్బలకి డ్రమ్ము వచ్చి నా ఒళ్ళో పడింది. ఒళ్ళంతా ఎర్రని తుప్పు పొడి. కాన్పు వార్డులో బిడ్డలని అందుకున్నప్పుడు కూడా చీర ఇంత పాడవలేదు. అప్పలసూరి గుమ్మం బయట ఆనించిపెట్టిన సమ్మెట తీసుకుని, "దీన్ని ఇంటికాడ ఎట్టేసొస్తాను" అని వెళ్ళాడు.

వెనకవి రెండూ మాత్రం బిగుసుకుని కూర్చున్నాయి.

ఇంతకీ నీ ఉత్తరం ఏమిటి బావా? మొదటి వరస బళ్ళో పలక మీద రాసినట్టుంది, ఆఖరికొచ్చేసరికి ఆవాలు. నాన్న భూతద్దం వెతుక్కుని చదివాను. కాగితం అయిపోతుందని భయమైతే వెనకవైపు అంతా ఖాళీయే.

మెర్సీ


సాలూరు,
సెప్టెంబరు 15.

ఇనుముకి సూదులేసే డాక్టరమ్మకి,

లారీ కేంపులో యాభై ఏళ్ళలో ఎవరికీ రాని ఆలోచన నీకొచ్చింది. నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు నా షెడ్డు నడుపుతున్న అసిరయ్యకి చెప్పాలనుంది. కానీ ఈ మధ్య అటు వెళ్ళడం లేదు. అక్కడి మోత పడటం లేదు.

వెనక డ్రమ్ములకి ముందువాటి కన్నా ఒక కష్టం ఎక్కువ. హేండ్‌బ్రేకు తీగ వాటికే వెళ్తుంది. పైన పిడి దించినా కింద తీగ తుప్పుతో బిగుసుకుని అలాగే లాగి ఉంటుంది. బండి కిందనించి దాన్ని విప్పెయ్యి. తరవాత డ్రమ్ముకి కాపడం పెట్టు. మరిగే నీళ్ళలో గోనె ముంచి డ్రమ్ముకి చుట్టు, ఇనుము కాస్త సాగుతుంది. అప్పుడు తట్టు. మంట మాత్రం పెట్టకు. నువ్వు వాడిన డీజిలు అంతా అక్కడే ఉంది.

అక్షరాల సంగతికొస్తే, అది నా చేతి వాటం. బాగా చదువుకున్నవాళ్ళు చిన్నగానే రాస్తారు.

బెన్హర్


శ్రీకాకుళం,
అక్టోబరు 8.

బావా,

కుడి వెనకది వచ్చింది. తొమ్మిది కాపడాలు పట్టింది. అప్పలసూరి నీళ్ళు కాస్తూ, "మా యావిడ నడుం నొప్పికి కూడా నేనింత సెయ్యనేదు" అన్నాడు. ఆమెకి ఆ మాట చేరవేశాను. ఎడమ వెనకది ఒక్కటే మిగిలింది.

ఇక నవ్వులాట ఆపుతాను.

నీ ఉత్తరాలు రెండూ మంచం మీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. పోయిన ఏడు ఈస్టరుకి నువ్వు రాసిన కార్డు కూడా తీసి పెట్టాను. కార్డు మీద అక్షరాలు నీ చెయ్యంత ఉన్నాయి. ఆగస్టు ఉత్తరంలో చివరికి చిన్నవయ్యాయి. సెప్టెంబరుదాంట్లో మొదటి నించీ చిన్నవే, వరస కూడా కిందకి జారిపోయింది. ఇలాంటి రాత నేను వార్డులో చూశాను. చేతి వాటం కాదది.

ఇంకొకటి. ఎదురుగా లారీ హారను కొట్టినా వినబడని మనిషికి షెడ్డులో మోత పడకపోవడం ఏమిటి?

అక్కకి ఫోను చేసి, బావ చెయ్యి ఎలా ఉందని అడిగాను. "పాలు పొంగిపోతన్నాయే" అని పెట్టేసింది. సాయంత్రం ఐదింటికి మీ ఇంట్లో పాలు ఉండవు. అక్క పుట్టిన దగ్గరనించీ ఒక్క రహస్యం దాచుకోలేకపోయిన మనిషి. ఇది దాచిందంటే నాకు భయం వేసింది.

ఇది మరదలిగా కాదు, నర్సుగా అడుగుతున్నాను. చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు బొటనవేలు తనంతట తను కదులుతోందా? చొక్కా గుండీలకి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతోందా? నడుస్తుంటే ఆ చెయ్యి ఊగడం మానేసిందా?

మెర్సీ


సాలూరు,
అక్టోబరు 17.

మెర్సీకి,

నా చేతులు బాగానే ఉన్నాయి. పెన్ను బాగులేదు. నువ్వు రిటైరయిపోయావు, కనబడిన ప్రతివాళ్ళకీ చీటీ రాయకు. ఎడమ వెనకదానికి మళ్ళీ కాపడం పెట్టు. రాకపోతే ఇంకోసారి పెట్టు.

బెన్హర్


శ్రీకాకుళం,
అక్టోబరు 25.

పెన్ను బాగులేని బావకి,

ఈ కవరులో కొత్త పెన్ను పంపుతున్నాను. దాంతో ఏమి రాస్తావో చూస్తాను.

నా సుత్తి మేకుకి తగిలించేశాను. మూడు డ్రమ్ములు తీశాను. డాక్టరు దగ్గరకి వస్తానని నువ్వు రాసేదాకా నాలుగోది ముట్టుకోను. షెడ్డు కూల్చేది నవంబరు ఇరవై ఎనిమిదిన. పాత ఇనుమువాడు ఆదివారం ఆదివారం వచ్చి, చర్చి నించి నేను తిరిగొచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఉంటున్నాడు. కోస్తే కొయ్యనీ. ఆ బండంటే నాకు నీకన్నా ఇష్టమే. కానీ అది మా అక్కని చేసుకోలేదు.

నేను బెదిరిస్తున్నానని నీకనిపిస్తే, సరిగ్గానే అనిపించింది.

మెర్సీ


సాలూరు,
నవంబరు 5.

మెర్సీకి,

నీ పెన్ను మంచిదే. ఈ ఉత్తరం మూడు రోజులనించి కొంచెం కొంచెంగా రాస్తున్నాను. భూతద్దం దగ్గర పెట్టుకో.

నువ్వడిగిన మూడింటికీ జవాబు అవును.

పోయిన ఏడు వానల్లో మొదలయింది. ఒక లారీ ముందు చక్రానికి బేరింగు వేసి, చివర్న చీలమేకు పెట్టాలి. అది కన్నంలోకి వెళ్ళలేదు. కళ్ళు మూసుకుని చేసే పని అది. పదకొండుసార్లు పెట్టి చూశాను. పన్నెండోసారి చేతిలోంచి జారి బురదలో పడింది. తలెత్తితే అసిరయ్య చూస్తున్నాడు. నేను చూడగానే తల తిప్పుకున్నాడు. నవ్వినా బాగుండేది. ముప్పై ఏళ్ళు నా నోటికి దడిచినవాడు, నన్ను చూడలేక తల తిప్పుకున్నాడు. మర్నాటినించి షెడ్డుకి వెళ్ళలేదు. చెవులు పోయాయి, ఇక చాలు అన్నాను. అందరూ నమ్మారు.

ఇంట్లో టీ గ్లాసు సగమే పోయమంటాను. నీకు చెప్పనని మీ అక్క చేత బైబిలు మీద చెయ్యి పెట్టించాను. ఆవిణ్ణి ఏమీ అనకు. ఈ ఏడాది పాపం నాకన్నా ఆమెకే కష్టమయింది.

డాక్టరు ఏమంటాడో నాకు తెలుసు. పేరు పెడతాడు. పేరు లేనంతకాలం అలిసిపోయిన చెయ్యి అనుకోవచ్చు కదా అని ఆగాను.

ఇంకో అబద్ధం కూడా ఉంది, అదీ రాసేస్తాను. మీ నాన్నకీ నాకూ తగువెప్పుడో తీరిపోయింది. ఆయన పోవడానికి ఏడాది ముందు తాళాలు నా చేతిలో పెట్టి ఆమదాలవలస దాకా నడిపించారు. రైలుగేటు దగ్గర ఆగినప్పుడు, "లారీ సేతులే గాని, మెత్తన" అన్నారు. నీకు చెప్పలేదు. తగువుందంటేనే నువ్వు రొయ్యలు వండి బతిమాలుతావు.

వస్తాను. ఏ రోజో నువ్వే చెప్పు. నాలుగోది మొదలుపెట్టు.

బెన్హర్


శ్రీకాకుళం,
నవంబరు 25.

బావా,

మనం విశాఖపట్నం వెళ్ళొచ్చి పది రోజులయింది. మాత్రలు పూటపూటకీ వేసుకుంటున్నావని అక్క చెప్పింది. ఇప్పుడు తనకి చెప్పుకోడానికి అడ్డం లేదు కదా, గంటసేపు వదల్లేదు. జబ్బుకి డాక్టరు పేరు పెట్టాడు. నువ్వనుకున్న పేరే. కానీ పేరుతోపాటు మందు కూడా రాశాడు, అది నువ్వనుకోలేదు. పూర్తిగా పోయేది కాదన్నాడు, నీకూ నాకూ తెలుసు. చేతులకి పని ఉండాలని కూడా అన్నాడు. ఆ మాట దగ్గర నువ్వు కిటికీలోంచి బయటికి చూశావు.

నాలుగోది వచ్చింది.

నువ్వు విజయనగరం దాటాక రైల్లో అక్క టిఫిను డబ్బా మూత పెట్టి తీసి చూపించావు చూడు, అలాగే చేశాను. ఇన్నాళ్ళూ బయటికి లాగాలనే చూశాను. నువ్వన్నట్టు ముందు లోపలికి తట్టాను, తరవాత బయటికి, మళ్ళీ లోపలికి. ప్రతిసారీ వెంట్రుకంత ఎక్కువ ఆడింది. రెండో రోజు మధ్యాహ్నం అప్పలసూరి అన్నం తినడానికి ఇంటికెళ్ళినప్పుడు ఊడింది. తను లేకుండా తీశానని అతనికి ఇంకా కోపం. బ్రేకు షూకి ఉండాల్సిన పట్టీ షూని వదిలేసి డ్రమ్ముకే అతుక్కుని వచ్చింది. పదకొండేళ్ళు పట్టుకుని కూర్చుంటే ఏది ఎవరిదో దానికీ తెలియలేదు కాబోలు. డ్రమ్ము మీద చిన్న గీత కూడా లేదు.

చక్రాలు బిగించి తోశాం. ఈసారి ఆరుగురినీ పిలవడం పొరపాటయింది. నలుగురు చేతులు వెయ్యగానే బండి షెడ్డు వాలు మీంచి దానంతటది బయల్దేరింది. ఇప్పుడు దానికి బ్రేకులే లేవని ఒక్కరికీ గుర్తులేదు. తోయడానికి వచ్చినవాళ్ళంతా ముందుకి పరిగెత్తి ఆపుకోవాల్సి వచ్చింది. నేను చక్రం కింద దుంగ వేశాను. పాత ఇనుమువాడు కూడా వచ్చి బంపరు పట్టుకున్నాడు, పాపం.

ఇక అసలు మాట. ఇక్కడ దాన్ని పెట్టుకోడానికి నాకు జాగా లేదు. డాక్టరు నీ చేతులకి పని ఉండాలన్నాడు. పని పంపిస్తున్నాను. ముప్పాతిక టన్ను ఉంటుంది. బియ్యం దింపి ఖాళీగా సాలూరు వెళ్ళే లారీలో ఒకటో తారీఖు పొద్దున్న ఎక్కిస్తాం, మధ్యాహ్నానికి నీ దగ్గరుంటుంది. దింపడానికి మనుషులు కావాలి. అసిరయ్యకి నువ్వే కబురు చెయ్యాలి. అక్కని పంపించకు, నువ్వే వెళ్ళు.

కోపం వస్తే రాయి. నా దగ్గర భూతద్దం ఉంది.

మెర్సీ


సాలూరు,
డిసెంబరు 3.

అడగకుండా ఇంటికి బండి తోలిన మరదలికి,

ఒకటో తారీఖు పది గంటల దాకా నేను ఎవరికీ కబురు చెయ్యలేదు. లారీ బయల్దేరిందని నువ్వు ఫోను చేశావట. మీ అక్క నాకేమీ చెప్పకుండా ఉతికిన చొక్కా తెచ్చి మంచం మీద పెట్టి, గుండీలు పెట్టడానికి నిలబడింది. నేనే పెట్టుకుంటానన్నాను. కొంతసేపు పట్టింది. అప్పుడు షెడ్డుకి వెళ్ళాను.

అసిరయ్య ఒక లారీ కింద ఉన్నాడు. నా చెప్పులు చూసి బయటికొచ్చాడు. లారీలో కారొస్తోంది, దింపాలి అన్నాను. ఎనిమిదిమందిని పోగుచేశాడు.

షెడ్డు ముందే బల్లలు వేసి, తాళ్ళు కట్టి, మెల్లగా దింపాం. చివర్న చూస్తే ఎడమ వెనక చక్రం నట్టు ఒకటి సడలి ఉంది. బిగించినవాళ్ళెవరో నేను చెప్పను. దింపినవాళ్ళల్లో ఒకడు అలవాటుకొద్దీ స్పానరు నా చేతిలో పెట్టాడు. నేనూ అలవాటుకొద్దీ తీసుకుని నట్టుకి తగిలించాను. స్పానరు నట్టు మీద టకటకమని కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు వినబడదు కదా. వాళ్ళ మొహాల్లో వినబడింది.

ఎనిమిదిమందీ నేల చూస్తున్నారు. అసిరయ్య మళ్ళీ తల తిప్పుకోబోతున్నాడు. అప్పుడు చెప్పేశాను. "నాకు వణుకు జబ్బురా. ఏడాది దాటింది. డాక్టరుకి సూపించుకున్నాను, మాత్రలు మింగుతన్నాను. ఇది తగ్గీది కాదు." నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు. ఆ వరసలో ఉన్న షెడ్లన్నిటికీ వినబడిందని మీ అక్క తరవాత చెప్పింది.

అసిరయ్య నా చేతిలోంచి స్పానరు తీసుకున్నాడు. నట్టు బిగించాడు. లేచి నా చెవి దగ్గరకొచ్చి అరిచాడు: "వణికితే వణకనీండి గురువుగోరూ. తిప్పీది మేం తిప్పుతాం, తిట్టీది మీరు తిట్టండి. తిట్టడానికి సేతులెందుకు."

మధ్యాహ్నమంతా తిట్టాను మెర్సీ. బండి బానెట్ తీసినవాణ్ణి, గుడ్డ తేనివాణ్ణి, తెచ్చినవాణ్ణీ తిట్టాను. పద్నాలుగు నెలల బాకీ. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుతున్నారు. బ్రేకు షూలకి కొత్త పట్టీలు ఎలా వెయ్యాలో చెబితే, ఇంత పాత బండిది వాళ్ళెవరూ చెయ్యలేదు కనుక, నా చుట్టూ గొంతుక్కూర్చుని విన్నారు. మాటల మధ్యలో చెయ్యి వణికింది. దాన్ని జేబులో పెట్టుకోవడం మరిచిపోయాను.

ఇంటికి బయల్దేరుతుంటే అసిరయ్య వెనకాలే వచ్చి భుజం తట్టి, "రేపు తొమ్మిదికల్లా వచ్చీండి. ఆలీసం సేస్తే ఊరుకోం" అన్నాడు.

ఎనిమిదిన్నరకే వెళ్ళాను.

బెన్హర్